మైకా పెట్టె మోసే అసోసియేట్

ఆర్కిటెక్చర్ సంస్థలో ఇంటీరియర్ డిజైనర్ ఎదుగుదలకు ఇప్పుడు ఎనిమిది మెట్లు: ఇంటర్న్, ట్రైనీ, జూనియర్, డిజైనర్, సీనియర్, అసోసియేట్, సీనియర్ అసోసియేట్, డిజైన్ లీడ్. ఏప్రిల్ ఇంక్రిమెంట్ల వేళ ప్రతి ఆఫీసూ రంగుల్లో వేయించి గోడకు తగిలించిన ‘గ్రోత్ పాత్’ బొమ్మ చూడనివాళ్లు లేరు గనక దాన్ని మళ్లీ వర్ణించనక్కర్లేదు. బొమ్మలో మెట్లన్నీ పైకే పోతాయి. చిట్టచివరి మెట్టు మీద ఒక మనిషి రెండు చేతులూ చాచి ఆకాశం వైపు చూస్తుంటాడు. ఏ మెట్టు దగ్గరా జీతం ఎంతో రాసి ఉండదు.

ఈ మెట్లెక్కడానికి వచ్చేవాళ్లలో సీమ పిల్లలు తక్కువేం కాదు. రాయచోటి, పీలేరు దారిలోని కలకడ నుంచి బయల్దేరినా, మదనపల్లె, పుంగనూరు నుంచి బయల్దేరినా హైదరాబాదు కన్నా బెంగళూరే దగ్గర. కుప్పం వాళ్లకు పొద్దున్నే రైలుంది, ఆఫీసు వేళకు అక్కడుంటారు; తిరుగు రైలు అందుతుందా లేదా అన్నది మాత్రం క్లయింటు దయ. కుప్పం గ్రానైటు క్వారీల పక్కన పెరిగిన పిల్లకు అదే ఆకుపచ్చ రాయిని బెంగళూరు షోరూములో ఇటలీ పేరేదో పెట్టి, అద్దాల వెనక, పసుపు దీపాల కింద చూపిస్తారు. ఆ పిల్ల దాన్ని ‘కొత్త మెటీరియల్’ అని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఉద్యోగం అక్కడ మొదలవుతుంది.

అర్హతల సంగతి. ఆర్కిటెక్టుకు 1972 నాటి చట్టముంది, ఆ చట్టం పెట్టిన కౌన్సిల్ ఉంది, ఐదేళ్ల బీఆర్క్ ఉంది. ఇంటీరియర్ డిజైనర్లకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్ అన్న సంఘముంది. అదీ 1972లోనే పుట్టింది గానీ సంఘం సంఘమే, చట్టం చట్టమే. డిగ్రీ చేసినవాళ్లు, డిప్లొమా చేసినవాళ్లు, ఆర్నెల్ల సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు, ఏదీ లేకుండా నాలుగు ఇళ్లు చేసి నేర్చుకున్నవాళ్లు అందరూ ఇంటీరియర్ డిజైనర్లే. అంటే ఒకే గది మీద పనిచేస్తున్న ఇద్దరిలో ఒకరి పేరుకు పార్లమెంటు కాపలా, రెండోవారి పేరుకు హెచ్ఆర్ మేనేజరు కాపలా. హెచ్ఆర్ మేనేజరు చేతిలో పడ్డ పేరు ఎన్ని తోకలు మొలిపించుకోగలదో ఈ వ్యాసంలో ముందుముందు తెలుస్తుంది.

మొదటి రెండు మెట్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఇంటర్న్‌కు అనుభవం ఇస్తారు. ట్రైనీకి అనుభవంతో పాటు బస్సు ఛార్జీలు ఇస్తారు.

జూనియర్‌తో అసలు పని మొదలవుతుంది. ఈ మెట్టు మీది ముఖ్యమైన పనిముట్టు మైకా పెట్టె. కంపెనీకో ఫోల్డరు, ఫోల్డరుకు వందల ముక్కలు, ముక్కకో నంబరు. వీటన్నిటినీ చక్రాల పెట్టెలో పెట్టి ఆటోలో వేసుకుని క్లయింటు ఇంటికి వెళ్లాలి. క్లయింటు గంటన్నర అన్నీ తిరగేసి, మొట్టమొదట చూపించిన తెలుపునే చివరకు ఎంచుకుని, “ఇంతకంటే కొంచెం తెల్లగా ఉండదా?” అని అడుగుతారు. ఉంటుంది. అది ఇంకో కంపెనీ ఫోల్డర్లో ఉంటుంది. ఆ ఫోల్డరు ఆఫీసులో ఉంటుంది.

డ్రాయింగుల పని కూడా జూనియర్‌దే. వార్డ్‌రోబ్ గీసేటప్పుడు ప్లైవుడ్ మందం 18 మిల్లీమీటర్లని వేస్తారు. పైన అంటించే మైకా 1 మిల్లీమీటరు, లోపలి వైపుది 0.8. కలిపితే పలక మందం 19.8. ఆ 1.8 మిల్లీమీటర్లు లెక్కలోంచి జారిపోతే, సొరుగుకు రెండు పక్కలా కలిపి 3.6 మిల్లీమీటర్లు తేడా వచ్చి సొరుగు లోపలికి పోదు. సైటులో ఆచారి కాగితం మీద ఒక్కసారి కన్నేసి, చెవి మీది పెన్సిలు తీసి, “మేడం, మైకా కలుపుకున్నారా?” అంటాడు. సంస్థకు ఆ రోజు మిగిలిన డబ్బంతా ఆ ఒక్క ప్రశ్న వల్ల మిగిలిందే. గోడ మీది బొమ్మలో ఆచారికి మెట్టు లేదు. అతనికి ఉన్నదల్లా చదరపడుగు రేటు, అదీ బేరమాడి తగ్గించిన రేటు.

సీనియర్ అంటే బీఓక్యూ (పనుల పరిమాణాల పట్టిక) రాయగలిగినవాళ్లు, టైల్సు రెండో లారీలో వచ్చిన పెట్టెల మీద షేడ్ నంబరు వేరుగా ఉందని దించకముందే పట్టుకోగలిగినవాళ్లు, ఏసీ డ్రెయిన్ పైపు ఫాల్స్ సీలింగులో ఎటు వాలాలో ఎలక్ట్రీషియన్‌తో, ప్లంబర్‌తో, ఏసీ మనిషితో విడివిడిగా దెబ్బలాడగలిగినవాళ్లు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఇంకెవరింటి ఫొటోయో వస్తే ఓపికగా జవాబిచ్చేదీ వాళ్లే. వాస్తు సిద్ధాంతి వచ్చి మంచం తిప్పేసి పోతే, స్విచ్చులు మళ్లీ గోడ కోసి జరిపించేదీ వాళ్లే. ఈ మధ్య కృత్రిమ మేధ వచ్చి టీ చల్లారేలోపు నలభై హాళ్లు గీసిస్తోంది. నలభైలో ఒక్కదానికీ బీము ఎక్కడుందో తెలియదు గనక ఆ బీమును వెతికి పెట్టే పని కూడా సీనియర్ నెత్తినే పడింది.

ఆరో మెట్టు అసోసియేట్. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

అసోసియేట్ అయిన రోజున కేకు కోస్తారు. గ్రూపు ఫొటో తీస్తారు. సాయంత్రానికి లింక్డ్‌ఇన్‌లో కృతజ్ఞతల ప్రకటన పడుతుంది: ప్రిన్సిపల్ గారికి, హెచ్ఆర్ గారికి, ‘ఈ ప్రయాణానికి’. మర్నాడు ఈమెయిల్ అడుగున సంతకం మారుతుంది. అంతకుముందు పేరు కింద ఒక వరుస ఉండేది, ఇప్పుడు రెండు: ‘అసోసియేట్ – ఇంటీరియర్స్, మెటీరియల్స్ అండ్ ఎక్స్‌పీరియన్స్’. విజిటింగ్ కార్డు మీద ఇదంతా పట్టక మనిషి పేరును చిన్నక్షరాల్లో వేస్తారు. కుర్చీ పాతదే, ల్యాప్‌టాప్ పాతదే, మైకా పెట్టె పాతదే. వాట్సాప్ గ్రూపులు మాత్రం పెరుగుతాయి.

పన్నెండు మంది పనిచేసే ఆఫీసును తీసుకుంటే జనాభా లెక్క సుమారుగా ఇలా తేలుతుంది: ఇద్దరు ప్రిన్సిపల్స్, ఒక డైరెక్టరు, ముగ్గురు అసోసియేట్లు, ఇద్దరు సీనియర్ అసోసియేట్లు, ఇద్దరు లీడ్‌లు, ఒక స్టూడియో మేనేజరు, ఒక ఆఫీస్ బాయ్. వీళ్లలో హోదాకూ చేసే పనికీ పొత్తు కుదిరినవాడు ఆఫీస్ బాయ్ ఒక్కడే. అతను కూడా వచ్చే ఏప్రిల్‌కు ‘ఫెసిలిటీస్ అసోసియేట్’ అయ్యే సూచనలు కనిపిస్తున్నాయి.

అసోసియేట్‌కూ సీనియర్ అసోసియేట్‌కూ తేడా ఏమిటని అడిగితే బాధ్యత అంటారు. బాధ్యత అంటే ఏమిటని అడిగితే, తప్పు జరిగినప్పుడు క్లయింటు ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు. డిజైన్ లీడ్ ఎవరికి లీడ్ అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. చాలా ఆఫీసుల్లో లీడ్ కింద పనిచేసేవాళ్లు లేరు. లీడ్ తన డ్రాయింగులు తానే గీసుకుని, తానే పరీక్షించి, తానే మంజూరు చేసి, తానే ప్రింటు తీయించి సైటుకు తీసుకెళ్తుంది. వైట్‌ఫీల్డ్ సైటు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డొస్తాడు, తెలుగువాడే.

“ఎవరమ్మా?”

“డిజైన్ లీడ్‌ని.”

“ఆయనింకా రాలేదు. కూర్చోండి.”

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. లీడ్ తర్వాత ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆఫీసులు కంగారు పడవు. ప్రిన్సిపల్ లీడ్ అని, హెడ్ ఆఫ్ డిజైన్ కల్చర్ అని, క్యూరేటర్ అని కొత్త సోమలింగాలను ప్రసవిస్తూనే ఉంటాయి. పేరుకు సిమెంటు అక్కర్లేదు, ఇసుక అక్కర్లేదు, ట్రక్కు కిరాయి అక్కర్లేదు. కార్డులు అచ్చేయించే ఖర్చు తప్ప ఇంకేమీ పడదు. ఇంక్రిమెంటుకు బదులు ఇవ్వగలిగిన వస్తువుల్లో దీన్ని మించిన చవక సరుకు లేదు.

చవక సరుకని తీసిపారేయడానికీ లేదు, దానికి రెండు వైపులా పనుంది. బయటి వైపు అది ఫీజు పెంచుతుంది. క్లయింటుకు ఇచ్చే కొటేషన్‌లో ‘జూనియర్ డిజైనర్ సమయం’ కన్నా ‘అసోసియేట్ సమయం’ రేటు ఎక్కువ. అదే మనిషి, అదే గంట, అదే మైకా ముక్క. మీటింగులో కార్డు మారింది గనక బిల్లు మారింది. పెరిగిన బిల్లులో ఆ మనిషి వాటా ఎంతన్నది గోడ బొమ్మలో ఎందుకు లేదో ఇక్కడ అర్థమవుతుంది.

లోపలి వైపు చేసే పని ఇంతకన్నా నీచమైనది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోని వృత్తి భద్రత, పని పరిస్థితుల కోడ్‌లో ఓవర్‌టైముకు రెట్టింపు రేటు ఇవ్వాలన్న రక్షణ ‘వర్కర్’ అన్న నిర్వచనానికి కట్టి ఉంది. మేనేజరు హోదాలో పనిచేసేవాళ్లు ఆ నిర్వచనంలోకి రారు. సూపర్‌వైజరు పనిచేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటి తీసుకునేవాళ్లూ రారు. ఇప్పుడు ‘లీడ్’, ‘మేనేజర్’, ‘హెడ్’ అన్న మాటలు ఇంత ఉదారంగా ఎందుకు పంచుతున్నారో వేరే చెప్పాలా? హోదా పేరు చూసి కాదు, నిజంగా చేసే పని చూసి తేల్చాలని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. చెప్పినా, అర్ధరాత్రి ఒంటిగంటకు హ్యాండోవర్ సైటులో నేల మీద కూర్చుని, పెయింటు చుక్కలు బ్లేడుతో గీకుతున్న కలకడ పిల్ల ఆ ముక్క నిరూపించుకోవడానికి ఏ కోర్టుకు పోతుంది? ఏ లాయరు ఫీజు కడుతుంది? ఆ రాత్రి ఆమె చేసింది కూలి పని. అందుకు కూలి ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి ముందుగానే ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, కేకు కోసి, చప్పట్లు కొట్టారు. దీన్ని ఎగవేత అంటారు, ఇంకో పేరు లేదు.

పీఎఫ్ సంగతీ అంతే. 20 మంది ఉద్యోగులుంటే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. కాబట్టి కొన్ని ఆఫీసుల్లో పంతొమ్మిదో మనిషి తర్వాత చేరినవాళ్లంతా ‘కన్సల్టెంట్లు’. రోజూ తొమ్మిదిన్నరకు వచ్చి వేలిముద్ర వేసే కన్సల్టెంట్లు, సెలవు కావాలంటే చీటీ రాసుకునే కన్సల్టెంట్లు. వాళ్ల జీతంలోంచి పది శాతం టీడీఎస్ కోసి ‘ప్రొఫెషనల్ ఫీజు’ అంటారు. ఈ మర్యాద ఎవరడిగారు?

డబ్బు పోయినా పేరు దక్కుతుందనుకుంటే అదీ లేదు. ఇల్లు పూర్తయ్యాక పత్రిక కోసం ఫొటోగ్రాఫరు వస్తాడు. దిండు సరిచేసేది, కర్టెను మడతలు ఇస్త్రీ పెట్టించేది, పూలకుండీలో నీళ్లు పోసేది, టీవీ వెనక వైర్లు టేపుతో అంటించి దాచేది డిజైనరే. అంతా అయ్యాక, “మేడం, కొంచెం పక్కకి,” అంటాడు. పక్కకు జరుగుతుంది. పత్రికలో గది ఉంటుంది, గది కింద ప్రిన్సిపల్ ఆర్కిటెక్టు పేరుంటుంది, వెలుతురు గురించీ మౌనం గురించీ ఆయన చెప్పిన నాలుగు మాటలుంటాయి. సంస్థ పేరు కింద ‘టీమ్’ అని ఒక మాట ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన పని ఆ ఒక్క మాటలో సర్దుకోవాలి. అవార్డు ఫలకం మీద ఆ మాటకు కూడా చోటుండదు.

ఇది బెంగళూరు కనిపెట్టిన విద్య కాదు. 1927లో షార్లెట్ పెరియాన్ పారిస్‌లో లె కోర్బూజియే ఆఫీసుకు పనికోసం వెళ్తే, ఇక్కడ దిండ్లకు ఎంబ్రాయిడరీ చేసే పని లేదని చెప్పి పంపేశాడంటారు. ఆ ఏడాదే ఒక ప్రదర్శనలో ఆమె చేసిన బార్ చూసి, పిలిపించి చేర్చుకున్నాడు. పదేళ్లు అక్కడే పనిచేసింది. 1928లో ఆమె చెయ్యి పడ్డ పడక కుర్చీ ప్రపంచమంతా అమ్ముడైన పేరు ఎల్‌సీ4. ఎల్, సీ అన్నవి పెద్దాయన పొడి అక్షరాలు. మన దగ్గర ఆ దిండ్ల మాట ఇంత ముతకగా అనరు. “ఆడపిల్లలకు బాగా నప్పే పని,” అని మెచ్చుకుంటూ కర్టెన్ల క్యాటలాగు చేతికిస్తారు.

ఇక బొమ్మలో చూపించని తొమ్మిదో మెట్టు, భాగస్వామి. ఎనిమిది మెట్లూ ఎక్కినవాళ్లు సహజంగా అడిగేది దాని గురించే. ఆర్కిటెక్టుల భాగస్వామ్య సంస్థ అనిపించుకోవాలంటే భాగస్వాములందరూ కౌన్సిల్లో నమోదైన ఆర్కిటెక్టులే కావాలన్నది కౌన్సిల్ నియమం. బీఆర్క్ లేని ఇంటీరియర్ డిజైనర్ ముప్పై ఏళ్లు పనిచేసినా ఆ గడప దాటే వీలు లేదు. ఈ విషయం చేరిన మొదటి రోజే చెప్పొచ్చు. చెప్పరు. ఎనిమిదో మెట్టు మీద, ఆమెకు నలభై దాటాక, చాలా బాధ పడుతూ చెబుతారు.

2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, చట్టం కాపాడేది ఆర్కిటెక్టు అన్న బిరుదునే గానీ ఆ పనిని కాదని తేల్చింది. నమోదు లేనివాళ్లు భవనం రూపకల్పన చేయొచ్చు, ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. ఆఫీసులు అంతకుముందు నుంచీ నడుపుతున్న పద్ధతి కూడా సరిగ్గా ఇదే కదా: పని నువ్వు చెయ్యి, పేరు నేను పెట్టుకుంటాను.

నిజంగా పైకి పోవాలనుకునేవాళ్లకు తెలుగునాట రుజువైన దారి వేరే ఉంది, సినిమా. అమరావతి ప్రభుత్వ భవనాల నమూనాల విషయంలో 2017లో ప్రభుత్వం దర్శకుడు రాజమౌళి సలహా అడిగింది. లండన్‌లో నార్మన్ ఫోస్టర్ సంస్థ గీస్తూనే ఉంది, అయినా అడిగింది. యాదాద్రి ఆలయ పునర్నిర్మాణ రూపకల్పనకు సినిమా కళాదర్శకుడు ఆనంద్ సాయిని పెట్టుకున్నారు. 2022 మార్చిలో గుడి తెరిచారు. వాళ్ల ప్రతిభ మీద ఇక్కడ తగాదా లేదు. ఇరవై ఏళ్లు గదులు కట్టించిన డిజైనర్‌కు తన ఆఫీసు కొత్త రిసెప్షన్ టేబులు గురించైనా సలహా అడిగే గతి లేదు, అంతే.

చివరి దశ రాజీనామా. నోటీసు కాలం మూడు నెలలు. ఆ మూడు నెలల్లో హఠాత్తుగా ‘నువ్వు లేకపోతే ఎలా’ అన్న మాట తొలిసారి వినబడుతుంది, తొమ్మిదో మెట్టు లాంటిదేదో కొత్తది తయారవుతున్నట్టు కబురూ వస్తుంది. వెళ్లేటప్పుడు తాను చేసిన ఇళ్ల ఫొటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోకూడదని ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు.

బయటికొచ్చినవాళ్లలో కొందరు ఇంకో ఆఫీసులో అదే మెట్టు మీద చేరతారు. కొందరు మదనపల్లెకు తిరిగొస్తారు. అక్కడ పని ఉంది. కువైట్ డబ్బుతో కలకడ చుట్టుపక్కల లేస్తున్న ఇళ్లున్నాయి, బెంగళూరు జీతాలతో మదనపల్లెలో లేస్తున్న ఇళ్లున్నాయి. వాటిలో చాలావాటికి ముందు వైపు ఫొటోషాపు రంగుల ఎలివేషన్, లోపల వంటగదికి కిటికీ లేదు. పైన పటారం, లోన లొటారం. ఆ కిటికీ ఎక్కడ పెట్టాలో చెప్పగల మనిషి ఊళ్లోకి వచ్చిందని మేస్త్రీలకు ముందు తెలుస్తుంది, ఇళ్లవాళ్లకు తర్వాత తెలుస్తుంది. ఫీజు అడిగితే, “బొమ్మ గీసిచ్చేదానికి డబ్బులేందమ్మా?” అంటారు. కనీసం మొహం మీదే అంటారు, కేకు కోయరు.

పాత సంస్థతో లెక్క తేల్చుకోవడం మిగిలింది. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. నెల నెలా జీతమైతే తరువాతి నెల 7వ తేదీ లోపు. పది మంది పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ వస్తుంది. ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ పనిచేసిన ఏళ్లతో గుణించాలి. వేతనం 30,000, సర్వీసు ఆరేళ్లు అయితే 1,03,846 రూపాయలు. అలవెన్సుల పేరుతో మూలవేతనాన్ని తగ్గించి చూపిస్తే కుదరదు, మొత్తంలో సగానికి మించిన అలవెన్సులను వేతనంలోనే కలపాలని కోడ్ చెబుతోంది. గ్రాట్యుటీ దరఖాస్తులో వేతనం, చేరిన తేదీ, మానేసిన తేదీ రాయాలి. అసోసియేట్ అయినా లీడ్ అయినా ఈ గుణకారంలో ఒక్క రూపాయి తేడా రాదు.